భాషకు ఇల్లు కట్టిన కథకుడు
(తల్లిదండ్రులకు ఒక పాఠము)

ప్రతి సంవత్సరము జూన్ నెలలో ఒకటవ తరగతి ప్రవేశముల వేళ మా కార్యాలయమునకు వచ్చు తల్లిదండ్రులలో పలువురు రెండు ప్రశ్నలు అడుగుచుందురు. "అయ్యా, ఇంట ఎట్లును తెలుగు మాటలాడుచునే యున్నాము గదా, బడిలో గూడ తెలుగేల?" అనునది మొదటిది. "తెలుగు చదివినందువలన మా పిల్లవానికి రేపు ఏమి లాభము?" అనునది రెండవది. ఈ ప్రశ్నలు అడుగుట తప్పు కాదు. బిడ్డ మేలు కోరియే అడుగుదురు. మనము నివసించు రాష్ట్రపు భాషయు, ఇంగ్లీషును మన పిల్లలకు చక్కగా రావలయుననుటలో మాకును సందేహము లేదు. అయినను, ఇన్ని యేండ్లుగా మేము చెప్పుచు వచ్చిన సమాధానము మాకే తృప్తి నీయకుండెను. ఇటీవల ఒక పాత టెలివిజన్ చిత్రమును చూచిన పిమ్మట, ఆ సమాధానమును మరియొక త్రోవన వెదకవలయునని తోచెను. ఆ చిత్రమును గూర్చియు, దానివలన మేము నేర్చుకొన్న పాఠమును గూర్చియు ఇచట వ్రాయుచున్నాము.

1. చిత్రము, అందలి వృద్ధుడు

ఆ చిత్రము పేరు 'టోల్కీన్ ఇన్ ఆక్స్‌ఫర్డ్'. బి.బి.సి. సంస్థవారు 1968వ సంవత్సరము ఫిబ్రవరిలో దీని చిత్రీకరణ జరిపి, మార్చి 30వ తేదీన తమ రెండవ చానెలులో ప్రసారము గావించిరి. దర్శకుడు లెస్లీ మెగాహే అప్పటికి ఇరువదిమూడేండ్ల యువకుడు. చిత్రము నిడివి సుమారు అరగంట. అందు మాటలాడిన వృద్ధుడు జె. ఆర్. ఆర్. టోల్కీన్. అప్పటికి ఆయన వయస్సు 76 సంవత్సరములు.

టోల్కీన్ పేరు మన పిల్లలలో కొందరికి సినిమాల మూలమున తెలిసియే యుండును. 'ది హాబిట్' (1937), మూడు సంపుటములుగా వెలువడిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954–55) అను అద్భుతకథలను వ్రాసినవాడు ఆయనయే. కాని వృత్తిచే ఆయన నవలాకారుడు కాడు, ఉపాధ్యాయుడు. 1925 మొదలు 1959 వఱకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండి, ప్రాచీనాంగ్లమును, ఇంగ్లీషు భాషాసాహిత్యములను బోధించినవాడు.

చిత్రమున ఆయన పైపు కాల్చుచు, వడివడిగా మాటలాడును. కొన్ని మాటలు మరల వినినగాని చెవికెక్కవు. తాను కల్పించిన లిపిలో కాగితముపై వ్రాసి చూపును. వృక్షములనిన తనకు చెప్పరాని ప్రీతి యనియు, ఒక చెట్టుతో మాట కలిపి దాని మనస్సున నేమున్నదో తెలిసికొనవలయునని యుండెడిదనియు చిన్నపిల్లవానివలె చెప్పును. నడుమ నడుమ ఆయన గ్రంథములలోని భాగములను జాస్ ఆక్లండ్ అను నటుడు చదివి వినిపించును. విద్యార్థులు కొందరు తమ అభిప్రాయములను చెప్పుదురు. మెచ్చువారు మెచ్చుదురు, ఒప్పనివారు ఒప్పరు.

2. ఖాళీ పుట

ఉపాధ్యాయులమగు మాకు మిక్కిలి నచ్చిన ఘట్టము పరీక్షాపత్రముల ప్రస్తావన. వేసవిలో ఆయన అదనపు సంపాదనకై పాఠశాల విద్యార్థుల పరీక్షాపత్రములను దిద్దుచుండెడివారట. ఆ పని యెంత విసుగు పుట్టించునో మాకు తెలియును. అట్లు దిద్దుచుండగా ఒక పిల్లవాని పత్రములో ఒక పుట ఏమియు వ్రాయబడక ఖాళీగా కనబడెనట. చదువవలసినది లేదను సంతోషముచే ఆ పిల్లవానికి ఐదు మార్కులు అదనముగా వేయబోతినని ఆయన నవ్వుచు చెప్పును. ఆ ఖాళీ పుటపైననే, ఎందుకో తనకే తెలియక, నేలలోని బొరియలో ఒక హాబిట్ ఉండెనను అర్థము గల వాక్యమును వ్రాసెనట. హాబిట్ అననేమో అప్పటికి ఆయనకును తెలియదు. ఆ పదము ముందు వచ్చెను. అదెవరు, ఎట్టిదని తెలిసికొనుటకు కథ తరువాత వచ్చెను.

ఇది కేవలము తమాషా మాట కాదు. 1955లో వ్రాసిన యొక లేఖలో ఆయన తన రచనకు మూలము భాషాకల్పనమేయని స్పష్టముగా చెప్పియున్నాడు. కథలు వ్రాసి వానికి సరిపడు పేర్లను వెదకినవాడు కాడు. మొదట భాషలను కల్పించి, ఆ భాషలు మాటలాడుటకు తగిన జనులును, కొండలును, నదులును, చరిత్రయు కావలెనని కథలను అల్లినవాడు. మనము నేర్వవలసిన పాఠమునకు ఇదియే మూలము గనుక దీనిని జ్ఞాపకముంచుకొన గోరుచున్నాము.

3. తల్లి నేర్పిన చదువు

టోల్కీన్ 1892వ సంవత్సరము జనవరి 3వ తేదీన దక్షిణాఫ్రికాయందలి బ్లూమ్‌ఫాంటీన్ పట్టణమున జన్మించెను. మూడేండ్ల ప్రాయమున తల్లి మేబెల్, తమ్మునితో పాటు ఆయనను ఇంగ్లండునకు తీసికొనివచ్చెను. ఆఫ్రికాలోనే యుండిపోయిన తండ్రి 1896లో మరణించెను. మిగిలినది తల్లియు, ఇద్దరు బిడ్డలును, కొద్దిపాటి రాబడియు. ఆమె బర్మింగ్‌హామ్ సమీపమున ఒక పల్లెలో కాపురముండి, బిడ్డలను తానే కూర్చుండబెట్టుకొని చదివించెను. అక్షరములు నేర్పినది ఆమె. లాటిన్ మొదలుపెట్టించినది ఆమె. చెట్లను, మొక్కలను చూపి పేర్లు చెప్పినదియు ఆమెయే. 1904లో ఆమె మధుమేహముచే, ముప్పదినాలుగేండ్లకే కన్నుమూసెను. అప్పటికి పెద్దకొడుకునకు పండ్రెండేండ్లు. భాషలపై ఆయనకు జీవితాంతము నిలిచిన మక్కువ ఆ తల్లి యొడిలో మొదలైనదే.

మరియొక చిన్న సంగతి. ఏడేండ్ల వయస్సు నాటి మాటగా ఆయన ఒక లేఖలో దీనిని వ్రాసెను. బాలుడైన టోల్కీన్ ఒక డ్రాగన్‌ను గూర్చి కథ వ్రాసెను. డ్రాగన్ అనగా మంటలు గ్రక్కు మహాసర్పమువంటి జంతువు. అది ఆకుపచ్చనిది, పెద్దది. ఇంగ్లీషున 'పెద్ద' యను మాట ముందుండి 'ఆకుపచ్చ' యను మాట తరువాత రావలెను. బాలుడు తారుమారు చేసెను. తల్లి చదివి, డ్రాగన్‌ను గూర్చి యేమియు అనక, ఆ రెండు మాటల వరుసను మాత్రము దిద్దెను. అట్లేల యుండవలెనని ఆ బాలుడు ఆలోచనలో పడెను. పెద్దవాడై, ఆచార్యుడై, ఆ లేఖ వ్రాయునాటికిని ఆ ఆశ్చర్యము తనను విడువలేదనెను. ఆ తరువాత అనేక సంవత్సరములు తాను మరల కథ వ్రాయ ప్రయత్నించినట్లు జ్ఞాపకము లేదనియు, భాషపైననే మనస్సు లగ్నమైనదనియు అందే వ్రాసెను.

ఇందు రెండు పాఠములు గలవు. మన యింట పిల్లవాడు "నాకు మూడు అన్నలు" అనగానే తల్లి "మూడు కాదురా, ముగ్గురు అన్నలు" అని దిద్దును. ఆవులైన మూడు, అన్నలైన ముగ్గురు. ఈ భేదమును ఆమె ఏ వ్యాకరణ గ్రంథమునను చదువలేదు, అయినను తప్పదు. ఇట్టి సూక్ష్మములను ఇల్లు నేర్పినట్లు బడి నేర్పలేదు. ఇది మొదటి పాఠము. రెండవది మావంటివారికి. డ్రాగన్‌ను విడిచి మాటల వరుసను మాత్రమే చూచిన, దిద్దుబాటు నిలుచును గాని కథ ఆగిపోవచ్చును.

ఇచట మా తప్పు నొకదానిని చెప్పుకొనుట న్యాయము. చాల యేండ్ల క్రిందట మేము నాల్గవ తరగతికి బోధించుచుండగా, ఒక బాలిక తన అమ్మమ్మ చెప్పిన కథను నాలుగు పుటలు వ్రాసి తెచ్చెను. ఎవరును వ్రాయుమనలేదు, తానై వ్రాసెను. మేము ఒత్తులు, దీర్ఘములు, అరసున్నలు అన్నియు ఎఱ్ఱసిరాతో దిద్ది మరునాడు ఇచ్చితిమి. కథ యెట్లున్నదో ఒక్క మాటయైన చెప్పలేదు. ఆ బాలిక ఆ పుటలను మడిచి సంచిలో పెట్టుకొనెను. ఆ యేడాదిలో మరల కథ తేలేదు. టోల్కీన్ డ్రాగన్ వృత్తాంతమును చదివిన రాత్రి మాకు ఆ బాలిక మొగము జ్ఞప్తికి వచ్చెను.

4. తండ్రి చెప్పిన కథ

తండ్రియైన పిమ్మట టోల్కీన్ తన నలుగురు బిడ్డలకు చేసినది చూడుడు. 1920 మొదలు 1943 వఱకు క్రిస్మస్ తాత వ్రాసినట్లుగా బిడ్డలకు బొమ్మలతో లేఖలు వ్రాసెను. చలికాలపు సాయంకాలములందు 'హాబిట్' కథను ఇంట చదివి వినిపించెను. అపుడు నాలుగైదేండ్ల వాడైన మూడవ కుమారుడు క్రిస్టఫర్, "నాన్నా, క్రిందటి సారి వాని యింటి తలుపు నీలమనితివి, నేడు ఆకుపచ్చ యనుచున్నావే!" అను తీరున తప్పు పట్టుచుండెడివాడట. తండ్రి విసుగుకొనియు, లేచిపోయి ఆ సవరణను వ్రాసికొనెడివాడు. ఆ క్రిస్టఫరే పెద్దవాడై, తండ్రి 1973లో గతించిన తరువాత, ఆయన విడిచిపోయిన కాగితములను కూర్చి 1977లో 'ది సిల్మరిలియన్' గ్రంథమును వెలువరించెను. 2020లో తాను మరణించుటకు కొన్ని యేండ్ల ముందు వఱకును ఆ పనియే చేసెను. చిన్ననాడు ఇంట కథ వినిన బిడ్డ తండ్రి సొత్తును ఎట్లు కాపాడెనో చూచితిరా!

'హాబిట్' అచ్చగుటకును ఒక బాలుని మాటయే కారణము. ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ వ్రాతప్రతిని పదేండ్ల తన కుమారుడు రేనర్‌కు చదువనిచ్చి, అభిప్రాయము వ్రాసినందులకు ఒక షిల్లింగు ఇచ్చెను. బాగున్నది, ఐదు మొదలు తొమ్మిదేండ్ల పిల్లలకు నచ్చునని ఆ బాలుడు వ్రాసెను. పిల్లల కథకు పిల్లవానినే పరీక్షాధికారిగా నియమించుట మాకు ముచ్చట గొలిపెను.

5. పొరుగుభాషల అందము

టోల్కీన్ తన భాషపై ప్రేమచే ఇతరభాషలను ద్వేషించినవాడు కాడు. బాల్యమున బర్మింగ్‌హామ్‌లో రైలుకట్ట ప్రక్క యింట నుండగా, బొగ్గు బండ్లపై వేల్స్ దేశపు ఊళ్ల పేర్లు చూచి ఆ యక్షరముల తీరునకే ముగ్ధుడాయెను. కళాశాలలో ఫిన్నిష్ భాషావ్యాకరణము చేతబడగా, ఎన్నడును రుచి చూడని ద్రాక్షారసము నిండిన కొట్టు దొరకినట్లుండెనని వ్రాసికొనెను. ఆయన కల్పించిన రెండు ముఖ్యభాషలలో క్వెన్యా యనుదానికి ఫిన్నిష్ నాదమును, సిందారిన్ అనుదానికి వెల్ష్ నాదమును ఒరవడి.

ఫిన్లండు చరిత్ర మనకు విశేషముగా తెలియదగినది. ఆ దేశమున అనేక శతాబ్దములు కచేరీలలోను, ఉన్నత విద్యలోను స్వీడిష్ భాషయే చెల్లుచుండెను. ఫిన్నిష్ పల్లెవాసుల పలుకుగా మిగిలెను. ఎలియాస్ లొన్రోట్ అను వైద్యుడు పల్లెపల్లె తిరిగి, వృద్ధులు పాడుకొను పాటలను సేకరించి, 'కలేవల' యను కావ్యముగా కూర్చి 1835లో ప్రకటించెను. 1849లో దానినే పెంచి మరల వెలువరించెను. 1863లో ప్రభుత్వ శాసనముచే ఫిన్నిష్‌కు కచేరీలలో స్థానము లభించుటకు త్రోవ ఏర్పడెను. ఆ శాసనమునకు కారణములు అనేకములు. కాని తమ భాషలో ఇంత గొప్ప కథాసంపద గలదని తెలిసిన జనులు దానిని పల్లెపలుకని తలదించుకొనుట మానిరనుట సత్యము. ఆ కావ్యమే కొన్ని దశాబ్దుల పిమ్మట ఒక ఆంగ్ల విద్యార్థి చేతబడి, అతని కల్పనకు విత్తనమాయెను.

మన పిల్లలు వీధిలో ఒక భాష, ఇంట ఒక భాష, పుస్తకమున మరియొక భాష వినుచున్నారని దిగులు పడు తల్లిదండ్రులకు ఇందు ధైర్యము గలదు. పొరుగుభాషను ప్రేమించినంత మాత్రమున మాతృభాష పోదు. ఇంట దానికి కథ లేనపుడే పోవును.

6. చిత్రమున కానరానిది

చిత్రమును చూచి ముగ్ధులైన పిమ్మట మేము మరియొక సంగతిని తెలిసికొంటిమి. చిత్రీకరణ జరిగిన నెలలోనే టోల్కీన్ ఒక మిత్రునకు లేఖ వ్రాయుచు ఆ తతంగమును పరిహసించెను. దర్శకుడు మంచివాడే, తెలివి గలవాడే, కాని తన్ను ఉన్నది ఉన్నట్లు చూపుట వారి ఉద్దేశము కాదని ఆయన ఫిర్యాదు. తన్ను బాణసంచా చూడ తీసికొనిపోయిరనియు, కథలో గాండాల్ఫ్ అను మాంత్రికుడు బాణసంచా కాల్చినంత మాత్రమున తనకు దానితో ప్రత్యేక సంబంధమేమియు లేదనియు వ్రాసెను. చిత్రీకరించినదానిలో చాల భాగము ప్రసారము కాక మిగిలిపోయెను. అట్లు మిగిలిన సంభాషణలను వెలికితీసి 2016లో బి.బి.సి. రేడియోలో వినిపించిరి.

దీనివలన రెండు విషయములు గ్రహింపవలెను. తెరపై కనబడిన మనుష్యుడే పూర్తి మనుష్యుడు కాడని పిల్లలకు నేర్పవలెను. నేడు వారు నిత్యము తెరలే చూచుచున్నారు గనుక ఇది మిక్కిలి అవసరము. మరియు ఒక వృద్ధుని మాట, కొంత తప్పుగానైనను, ఎవరో ఒకరు పట్టి దాచినందువలననే అర్ధశతాబ్ది గడచినను మనకు వినబడుచున్నది. మన యింటి వృద్ధుల మాటను దాచువారెవరు?

చిత్రమున టోల్కీన్ మృత్యువును గూర్చియు చెప్పును. జనుల మనస్సును చాలకాలము పట్టియుంచు పెద్దకథలన్నియు తుదకు మరణమును గూర్చినవే యని ఆయన భావము. అందులకు ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవా వాక్యములను చదివి, తన గ్రంథమునకు అదియే మూలసూత్రమనును. ఆమె ఆ వాక్యములను తన తల్లి మరణమును గూర్చి వ్రాసిన పుస్తకమున చెప్పెను. పండ్రెండేండ్లకే తల్లిని పోగొట్టుకొన్న ఆ వృద్ధుడు అవి చదువుచుండగా మేము కొంతసేపు చిత్రమును నిలిపివేసితిమి.

7. మనకు తేలిన సమాధానము

ఇపుడు మొదటి ప్రశ్నలకు వత్తము. టోల్కీన్‌కు భాష యుండెను, జనులు లేరు. క్వెన్యాలో జోలపాడు తల్లి యెచటను లేదు. అందుచే ఆయన జీవితమంతయు శ్రమించి, ఆ భాషకు కథలతో ఒక ఇల్లు కట్టెను. మన స్థితి దీనికి తలక్రిందులు. 2011 జనగణన ప్రకారము భారతదేశమున తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైబడియున్నారు. కాశీమజిలీ కథలున్నవి. 1947లో చెన్నపట్టణమున పుట్టి తరములను పెంచిన చందమామ పాత సంచికలు నేటికిని దొరకుచున్నవి. ఇంట అమ్మమ్మ యున్నది. భాషయు, జనులును, కథలును ఉండగా, ఆ యింట కథ చెప్పు గంట మాత్రము లేకున్నది.

"ఇంట తెలుగు మాటలాడుచునే యున్నాము" అను తల్లిదండ్రులను మేము గౌరవముతో అడుగుచున్నాము. ఇంట మాటలాడు తెలుగు ఏపాటిది? "అన్నము తిను, స్నానము చేయి, ఫోను పెట్టివేయి" అను మూడు ఆజ్ఞలతో భాష నిలువదు. ఆజ్ఞలకు నూఱు మాటలు చాలును. కథకు వేయి మాటలు కావలెను. అడవి, ఏఱు, మొసలి, పశ్చాత్తాపము, మోసము, కనికరము అను మాటలు కథలోనే బిడ్డ చెవిని పడును.

"లాభమేమి?" అనువారికి ఉద్యోగము తప్పక వచ్చునని మేము మాట ఈయజాలము. అట్లు చెప్పిన అబద్ధమగును. తల్లి నేర్పిన మాటల వరుసను గూర్చి ఆశ్చర్యపడిన బాలుడు పదుల భాషలను పరిశీలించు పండితుడాయెనని మాత్రము చెప్పగలము. ఒక భాషలో లోతు తెలిసినవానికి మరియొక భాషలో లోతున్నదని తెలియును.

8. ఇంట చేయవలసిన అభ్యాసములు

(1) వారమునకు మూడు రాత్రులు, అరగంట సేపు, తెరలు కట్టివేసి, పిల్లలకు తెలుగున ఒక కథ చెప్పుడు. చదివి వినిపించినను సరియే. ఒకే కథను మరల చెప్పినను సరియే. పిల్లవాడు "నిన్న తలుపు నీలమనితివే" అని తప్పు పట్టిన కోపగింపక సంతోషింపుడు.

(2) తాత, అమ్మమ్మ, నాయనమ్మలు చెప్పు కథలను, పూర్వులు ఈ ప్రాంతమునకు వచ్చిన వృత్తాంతములను ఫోనులో రికార్డు చేసి దాచుడు. ఎవరి గొంతు, ఏ తేదీ, ఏ యూరు అనునది పిల్లలచే తెలుగున వ్రాయింపుడు.

(3) మన యింటి మాటలలో పుస్తకమున కనబడనివి కొన్ని యుండును. వంటపాత్ర పేరో, చెట్టు పేరో, చుట్టరికపు పిలుపో కావచ్చును. వానిని తప్పని కొట్టివేయక, ఒక చిన్న పుస్తకమున వరుసగా వ్రాయింపుడు.

(4) పిల్లలు తామై వ్రాసిన కథను మొదట ఆసాంతము వినుడు. కథ బాగున్నచోట బాగున్నదని చెప్పుడు. దిద్దుట మరునాటికి ఉంచుడు.

రాబోవు సంక్రాంతి సెలవుల పిమ్మట, ప్రతి తరగతి పిల్లలును ఇంట వినిన కథనొకదానిని వ్రాసి తేవలయునని కోరుచున్నాము. వానిని మేమే చదివెదము. ఈ మారు ఎఱ్ఱసిరా కలమును బల్లసొరుగులోనే ఉంచెదము.